రిసోగ్రాఫ్ సమీక్ష: క్వియర్ ఫెమినిస్ట్ జీన్‌లు వేసే విద్యార్థులకు ఈ మిషన్ ఎంతవరకు అక్కరకొస్తుంది

లైంగికత, జెండర్, క్వియర్ (ఆడామగా మూసలకీ, వాటి మధ్య ఆకర్షణే మామూలనే లెక్కకీ ఒదగని) ఫెమినిస్ట్ రాజకీయాల మీద యూనివర్సిటీలో పని చేసే ఆర్ట్ విద్యార్థులు చాలామంది ఏదో ఒక దశలో జీన్ దగ్గరికి వస్తారు. సొంతంగా రాసి, గీసి, అచ్చువేసి, మడిచి, పిన్ను కొట్టి చేతులు మార్చే చిన్న పుస్తకం అది. దానికి ఎడిటర్ అనుమతి అక్కర్లేదు, గ్యాలరీ తలుపు తట్టనక్కర్లేదు. ప్రింట్ గదిలో జీన్ వేయడానికి మామూలుగా నాలుగు దారులుంటాయి: ఫొటోకాపీ మిషన్, రిసోగ్రాఫ్, స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, లినోలియం పలక చెక్కి అచ్చువేసే లైనో. ఈ సమీక్ష రిసోగ్రాఫ్ గురించి. మిగతా మూడూ పోలిక కోసం వస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. 50 నుంచి 300 కాపీల దాకా, రెండు రంగుల్లో, మాటలూ గీతలూ ఎక్కువున్న పుస్తకానికి రిసోను మించింది లేదు. నిండు నల్ల పోస్టర్‌కి, బట్టకి, పది ఇరవై కాపీలకి అది దండగ. మనుషుల ముఖాలూ పేర్లూ ఉన్న పనికి బాగానే పనికొస్తుంది గానీ, ఏ రంగు పొర మీద ఏముండాలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే తేల్చుకోవాలి. మిషన్ల రివ్యూల్లో ఈ సంగతి పెద్దగా కనపడదు కాబట్టి ఇక్కడ దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

మిషన్ లోపల జరిగేది

రిసోగ్రాఫ్ తయారుచేసేది జపాన్‌కి చెందిన రిసో కగాకు. కంపెనీ 1946లో మొదలైంది, ఈ మిషన్లు 1980లలో వచ్చాయి. బళ్లలో ప్రశ్నపత్రాలు, ఆఫీసుల్లో నోటీసులు వందలూ వేలూ తీయడానికి వీటిని తయారుచేశారు. ఆర్టిస్టులు తర్వాత చేరారు. కరపత్రాలు తీసిన పాత సైక్లోస్టైల్ మిషన్‌కి ఇది మనవరాలు.

ఫైలు పంపగానే, లేదా గాజు మీద కాగితం పెట్టి స్కాన్ చేయగానే, లోపలి థర్మల్ హెడ్ మాస్టర్ అనే పలుచని పొర మీద సన్నని రంధ్రాలు కాలుస్తుంది. ఆ మాస్టర్ వెళ్లి రంగు డ్రమ్ముకి చుట్టుకుంటుంది. డ్రమ్ము తిరుగుతుంటే లోపలి ఇంకు రంధ్రాల గుండా కాగితం మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో డ్రమ్ము, ఒక్కో మాస్టర్. ఒకే డ్రమ్మున్న మిషన్‌లో రెండో రంగు కావాలంటే డ్రమ్ము మార్చి, అదే కాగితాలను మళ్లీ ఎక్కించాలి. రెండు డ్రమ్ముల మోడళ్లు రెండు రంగులనూ ఒకేసారి వేస్తాయి. A3 మోడళ్లలో ఎక్కువ వాటికి 600 డీపీఐ, నిమిషానికి 60 నుంచి 150 కాపీల వేగం ఉంటుంది.

ఇంకు సోయా నూనె లేదా తవుడు నూనెతో చేసినది. ఫొటోకాపీ టోనర్‌లా వేడితో కాగితానికి అతుక్కోదు, కాగితం దాన్ని పీల్చుకోవాలి. రిసోలో ఎదురయ్యే ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుడతాయి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఇంకు పీల్చుకోక పైనే ఉండిపోయి, వేలు తగిలితే చాలు రాసుకుపోతుంది. కోటింగ్ లేని, కాస్త గరుకైన కాగితమే వాడాలి. లోపలి పేజీలకు 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క), అట్టకి 160 నుంచి 200. 210 దాటితే మిషన్ లాక్కోవడానికి మొరాయిస్తుంది. A3 కాగితం మీద అంచు దాకా అచ్చు పడదు, చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు ఖాళీ వదిలేస్తుంది. బొమ్మ అంచు దాకా రావాలంటే పెద్ద కాగితం మీద వేసి కత్తిరించాలి. కాబట్టి అంచు దాకా బొమ్మ పరుచుకున్న పేజీ A4కి మించకుండా చూసుకోండి.

వేసేముందు వేయాల్సిన లెక్క

16 పేజీల A5 జీన్, రెండు రంగులు, 100 కాపీలు అనుకుందాం. ఒక A3 కాగితం రెండు వైపులా కలిపి ఎనిమిది A5 పేజీలు పడతాయి. కాబట్టి పుస్తకానికి రెండు A3 కాగితాలు, అంటే అచ్చుపడేవి నాలుగు వైపులు. ఒక్కో వైపుకి రెండు రంగులు, మొత్తం ఎనిమిది మాస్టర్లు. ఒకే డ్రమ్ము మిషన్‌లో 800 సార్లు కాగితం లోపలికి వెళ్లి రావాలి. మంచి కాపీలకు 200 కాగితాలు, పాడయ్యేవాటికి ఇంకో 30 కలుపుకోండి. ఈ 30 ముందే కొనకపోతే రెండో రంగు వేసేటప్పుడు కాగితం చాలదు, అప్పటికి అదే కట్ట కాగితం దొరకదు. మూడో రంగు కలిపితే పన్నెండు మాస్టర్లు, 1,200 సార్లు. రెండో రంగు దగ్గర ఆగి, మూడోదాన్ని కాగితం రంగుతో తెచ్చుకోవడం తెలివైన పని. లేత పసుపు కాగితం మీద నీలం, గులాబీ వేస్తే మూడు రంగుల పుస్తకమే అవుతుంది.

ఖర్చు మాస్టర్‌లో ఉంటుంది, కాపీలో కాదు. ఒకసారి మాస్టర్ కాల్చాక 50 తీసినా 500 తీసినా అదనంగా పోయేది కాగితం, కాస్త ఇంకు. అందుకే 30 కాపీల లోపు పనికి ఫొటోకాపీ మిషనే చవక. క్లాసులో పన్నెండు మందికి చూపించాల్సిన పనిని రిసో మీద వేయడం అనవసరం.

డ్రమ్ము కొన్నాళ్లు వాడకపోతే మొదటి పది ఇరవై కాపీలు వెలిసిపోయినట్టు వస్తాయి. వాటిని పాత కాగితం మీద పోనివ్వండి. మంచి కాగితం మీద మొదటి కాపీ తీసి, "రంగు సరిగా పడలేదు" అని సాంద్రత పెంచేస్తే, ఇరవయ్యో కాపీకల్లా ఇంకు ఎక్కువై ముద్దయిపోతుంది.

రంగులు, జెండాలు, త్రికోణం

క్వియర్ కళలో రంగులకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో సరుకు దొరకడం దొరకకపోవడం కూడా ఒక పాత్ర వహించింది. క్వియర్ ఉద్యమానికి గుర్తుగా గిల్బర్ట్ బేకర్ 1978లో చేసిన ఇంద్రధనుస్సు జెండాకి ఎనిమిది చారలు. ముదురు గులాబీ బట్ట కావలసినంత దొరక్క ఆ చార పోయింది, 1979కల్లా జెండా ఆరు చారలకు దిగింది. బట్టకి దొరకని ఆ గులాబీయే రిసోలో అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతుంది. ఫ్లోరసెంట్ పింక్ డ్రమ్ము లేని ఆర్ట్ స్కూల్ రిసో గది అరుదు.

ఆరు చారలకు ఆరు డ్రమ్ములు అక్కర్లేదు. పసుపు, ఫ్లోరసెంట్ పింక్, నీలం చాలు, ఎందుకంటే రిసో ఇంకులు పారదర్శకం, ఒకదాని మీద ఒకటి పడితే కొత్త రంగు పుడుతుంది. పసుపు 100 శాతం మీద పింక్ 100 వేస్తే ఎరుపు. పసుపు 100, పింక్ 50 అయితే నారింజ. పసుపు ఒక్కటే పసుపు. పసుపు 100, నీలం 100 అయితే ఆకుపచ్చ. నీలం ఒక్కటే నీలం. పింక్ 70, నీలం 100 అయితే ఊదా. ఇంద్రధనుస్సు జెండాకి కొత్త రూపంగా డేనియల్ క్వేజర్ 2018లో గీసిన ప్రోగ్రెస్ జెండాలోని గోధుమరంగు మూడూ కలిస్తే వస్తుంది, కానీ మూడూ 100 చొప్పున వేయకూడదు. కాగితం తడిసినట్టయి డ్రమ్ముకి అతుక్కుంటుంది. మూడిటి మొత్తం 200 శాతం లోపు ఉంచండి. మోనికా హెల్మ్స్ 1999లో చేసిన ట్రాన్స్ జెండాకి లేత నీలం, లేత గులాబీ కావాలి. నీలం 30, పింక్ 25 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. ఈ అంకెలన్నీ మొదటి పరీక్ష కాపీకి మాత్రమే, కాగితాన్ని బట్టి మారతాయి.

ఇక నీలం మీద గులాబీ పడి ఊదా అయ్యే పేజీ. రిసో మీద వేసిన జెండర్ జీన్‌లలో ఇది ఇప్పటికే అరిగిపోయింది. మగ ఒక రంగు, ఆడ ఒక రంగు, మధ్యలో మిగతా అందరూ అని చెప్పినట్టవుతుంది. క్వియర్ రాజకీయం కాదనేది సరిగ్గా ఆ లెక్కనే. రెండు రంగులు కలిసేచోట ఏం పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయమే గానీ, దాన్ని ఆడామగా రంగులతో మొదలుపెట్టనక్కర్లేదు.

గులాబీ త్రికోణం దగ్గర రిసో పూర్తిగా చేతులెత్తేస్తుంది. నాజీలు నిర్బంధ శిబిరాల్లో స్వలింగ సంపర్కులైన మగవాళ్ల బట్టల మీద కొన కిందికి ఉన్న గులాబీ త్రికోణాన్ని కుట్టించారు. ఎయిడ్స్ సంక్షోభ కాలంలో, 1987లో, ఆరుగురు కలిసి న్యూయార్క్ గోడల మీద అంటించిన పోస్టర్‌లో దాన్ని కొన పైకి తిప్పి, నిండు నల్ల నేపథ్యం మీద పెట్టారు. దానికి కొనసాగింపుగా పోస్టర్ వేద్దామని విద్యార్థులు ఏటా అనుకుంటారు. నిండు నలుపు రిసోకి పడదు. పేజీలో 60, 70 శాతం దాటి నలుపు నిండితే కాగితం డ్రమ్ముని వదలదు, రోలర్ గుర్తులు చారలుగా పడతాయి, కట్టలో పై కాగితం వెనక వైపు కింది కాగితం నలుపు అంటుతుంది. పోనీ నల్ల కాగితం కొని గులాబీ వేద్దామంటే, పారదర్శక ఇంకు నలుపు మీద కనపడదు. దీనికి స్క్రీన్ ప్రింటింగే దిక్కు: నల్ల కాగితం, పైన ముందు తెలుపు, ఆ మీద గాఢమైన గులాబీ. రిసోలోనే కావాలని పట్టుబడితే నలుపును 75 శాతం గ్రెయిన్ టచ్‌లో (చుక్కలను ఇసుక రేణువుల్లా చెదరగొట్టే సెట్టింగ్) వేసి, కాగితం ముందు అంచున కనీసం 10 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. మచ్చల మచ్చల బూడిద నలుపు వస్తుంది. అది మీకు సరేనా కాదా అన్నది పరీక్ష కాపీ చూసి తేల్చుకోవాలి.

చర్మం

మనిషి దేహమే విషయమైన కళలో ఒంటి రంగు ఎలా పడుతుందన్నది పక్కన పెట్టే సంగతి కాదు. రిసో ఇంకు కాగితంలోకి పాకుతుంది, చుక్క తన కొలత కంటే పెద్దదవుతుంది. ఫైలులో 70 శాతం ఉన్న బూడిద కాగితం మీద దాదాపు నిండు నలుపుగా దిగుతుంది. ముదురు ఛాయ ముఖాన్ని నలుపు తెలుపులోకి మారిస్తే చెంపలు, నుదురు, ముక్కు వార అన్నీ ఉండేది 60 నుంచి 85 శాతం మధ్యనే. ఏమీ సరిదిద్దకుండా ఎక్కిస్తే తెల్లటి ఛాయ ముఖాలు వివరంగా, ముదురు ఛాయ ముఖాలు నల్ల ముద్దలుగా వస్తాయి. కులం, జాతి, రంగు గురించి మాట్లాడే పేజీలో ఇది జరిగితే పేజీ తన మాటను తానే కొట్టేసుకున్నట్టు.

సరిదిద్దే పద్ధతి ఇది. ఫొటోను గ్రేస్కేల్ చేసి, ఫొటో ఎడిటర్‌లో ఛాయలు సర్దే కర్వ్స్‌లో అతి ముదురు బిందువును 80 శాతానికి దించండి. నడిమి ఛాయలను విడదీయండి, అంటే చెంప 45 దగ్గర, నీడ 70 దగ్గర ఉండాలి. తర్వాత దాన్ని రెండు పొరలు చేయండి. కింది పొర వెచ్చటి రంగు, నారింజ గానీ ఇటుక రంగు గానీ, 40 నుంచి 60 శాతం, ముఖం ఆకారమంతా సమంగా. పై పొర నలుపు లేదా ముదురు నీలం, 5 నుంచి 75 శాతం మధ్య, వివరమంతా దీనిలోనే. పై పొరకు గ్రెయిన్ టచ్ ఎంచుకోండి. రెండు పొరలకూ చుక్కల గీత, అంటే హాఫ్‌టోన్, పెట్టేటట్టయితే కోణాల మధ్య 30 డిగ్రీల తేడా ఉండాలి, లేకపోతే ముఖం మీద అలలలా మోయిరే నమూనా తేలుతుంది. మిషన్ స్కానర్‌లోని ఆటో సెట్టింగులను ఈ పనికి నమ్మొద్దు.

ముదురుగా చూపించడం తప్పని దీని అర్థం కాదు. దక్షిణాఫ్రికాకి చెందిన జానెలె ముహోలి తమ సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో కాంట్రాస్ట్ పెంచి చర్మాన్ని ఇంకా నల్లగా చేస్తారు, కళ్లు ఆ నలుపులోంచి సూటిగా చూస్తాయి. అది ఆర్టిస్టు తీసుకున్న నిర్ణయం. మిషన్ తీసుకున్న నిర్ణయానికీ దానికీ ఉన్న తేడా కాగితం మీద తెలిసిపోతుంది.

పేర్లు, ముఖాలు, మిషన్ దాచుకునేవి

రిసోకి మంచి పేరు తెచ్చేది దాని రిజిస్ట్రేషన్ జారుడు, అంటే రెండో రంగు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి పడటం. దీన్ని క్వియర్ సౌందర్యం అని పొగిడేవాళ్లున్నారు. పూల బొమ్మ మీద జారితే అందమే. ఒక మనిషి కన్ను చెంప మీదికి జారినా, ఎంచుకున్న పేరు రెండుగా కనపడినా అది అలక్ష్యమే. అక్షరాలన్నీ ఒకే రంగు పొరలో ఉండాలి. కింద ఇంకో రంగు పరిస్తే 1 మిల్లీమీటరు అతివ్యాప్తి ఉంచండి.

ఒకే పొరలో పేర్లు పెట్టడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. ట్రాన్స్ విద్యార్థుల పేర్లు, సర్వనామాలు మొదటి ముద్రణకీ రెండో ముద్రణకీ మధ్య మారొచ్చు. ఎవరైనా తమ పేరు తీసేయమనొచ్చు. వ్యాసాలు, బొమ్మల కింది పేర్లు, చివరి పేజీలో వివరాలు అన్నీ నలుపు పొరలో ఉంటే, కాగితంలో మార్పు వచ్చిన వైపుకి ఒక్క మాస్టర్ మళ్లీ కాలిస్తే సరిపోతుంది. పేరును అందం కోసం గులాబీలో, వ్యాసాన్ని నీలంలో, సంతకాన్ని నలుపులో పంచేశారా, అదే మార్పుకి మూడు మాస్టర్లు. అందుకే 300 ఒక్కసారి వేయడం కంటే 100 వేసి, మళ్లీ అడిగి, ఇంకో 100 వేయడం మేలు. మాస్టర్ ఖర్చు కొంచెం పెరుగుతుంది. పాత పేరుతో ఇంకో రెండు వందల కాపీలు తిరగకుండా ఉండటానికి ఆ ఖర్చు ఎక్కువేం కాదు.

ఇప్పుడు చెత్తడబ్బా. వాడేసిన మాస్టర్ మిషన్ పక్కనున్న డిస్పోజల్ బాక్సులో పడుతుంది. దాన్ని విప్పితే ఇంకు మరకల మధ్య పేజీ మొత్తం చదవొచ్చు. ఇంట్లో చెప్పుకోని వాళ్ల ముఖాలు, హింస గురించి రాసిన పేజీలు అక్కడ ఉంటాయి, తర్వాత బుక్ చేసుకున్నవాళ్లకు కనపడతాయి. డ్రమ్ము మీదున్న ఆఖరి మాస్టర్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: తర్వాత వచ్చినవాళ్లు ప్రింట్ బటన్ నొక్కితే మీ పేజీయే బయటికొస్తుంది. చాలా మోడళ్లలో దీనికి కాన్ఫిడెన్షియల్ అనే సెట్టింగ్ ఉంది, అది ఖాళీ మాస్టర్ చుట్టి పాతదాన్ని తీసేస్తుంది. ఒక మాస్టర్ ఖర్చు పోతుంది, పోనివ్వండి. తర్వాత గ్లవ్స్ వేసుకుని డబ్బా ఖాళీ చేసి, మాస్టర్లను చింపి, మీ సంచిలో తీసుకెళ్లండి. పాడైన కాపీలకీ ఇదే పద్ధతి. వాటిని రఫ్ కాగితాల దొంతరలో వదిలేస్తే ఇంకో విద్యార్థి పరీక్ష కాపీ వెనక మీ స్నేహితుల ముఖం వెళ్లిపోతుంది.

ఫొటోకాపీ మిషన్‌తో పోలిస్తే రిసో ఇక్కడ కాస్త నయమే. యూనివర్సిటీ ఫొటోకాపీ మిషన్లు ఎక్కువగా ఐడీ కార్డుతో నడుస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏ పేరున్న ఫైలు తీశారో సర్వర్‌లో నమోదవుతుంది, కొన్ని మిషన్లు పేజీ బొమ్మను తమ హార్డ్ డిస్కులో కూడా ఉంచుకుంటాయి. రిసో గాజు మీద చేత్తో అతికించిన పేజీ పెట్టి తీస్తే ఫైలే ఉండదు. కంప్యూటర్ నుంచి పంపితే మాత్రం క్యూలో ఫైలు పేరు కనపడుతుంది కాబట్టి, పేరులో మనిషి పేరు గానీ "కమింగ్ అవుట్" లాంటి మాట గానీ ఉండకూడదు. ఫోన్ ఫొటోల్లో తీసిన చోటు వివరాలు దాగి ఉంటాయి. పీడీఎఫ్ చేసే ముందే వాటిని తుడిచేయండి.

ముఖం దాచడానికి పెద్ద పెద్ద చుక్కల హాఫ్‌టోన్ వేస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. సరిపోదు. దగ్గర్నుంచి చుక్కలే కనపడతాయి, పుస్తకాన్ని చెయ్యి చాచి పట్టుకుంటే కన్ను ఆ చుక్కలను కలిపి ముఖం చేసేస్తుంది, తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ముఖాన్ని కత్తిరించి తీసేయడం, గీత బొమ్మగా మార్చడం, చేతులో వీపో చూపించడం నమ్మదగిన దారులు. చేతులు చూపించినా ఉంగరం, పచ్చబొట్టు, వెనక గోడ మీది క్యాలెండర్ చూసుకోండి.

సమ్మతి కాగితం మీద తీసుకోండి, నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ముఖం వేయొచ్చా, ఏ పేరుతో, క్యాంపస్ బయట పంచొచ్చా, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా. చివరి ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. క్వియర్ జీన్‌లను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచే క్వియర్ జీన్ ఆర్కైవ్ ప్రాజెక్ట్ 2003 నుంచి నడుస్తోంది. అలాంటి చోటికి చేరడం గొప్పే, కానీ వంద మంది చేతుల్లో తిరగడానికి ఒప్పుకున్నవాళ్లు ప్రపంచమంతా చూడటానికి ఒప్పుకున్నట్టు కాదు. వెనక్కి తగ్గడానికి ఆఖరి తేదీ రాయండి, అది మాస్టర్ కాల్చే రోజుకి ముందు రోజు. పంచిన కాపీని వెనక్కి తేలేరని అదే కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

తెలుగు అక్షరం

తెలుగు లిపి రిసోలో అందంగా పడుతుంది గానీ వత్తుల దగ్గర జాగ్రత్త. 11 పాయింట్లకు తగ్గితే కింది వత్తులు నిండిపోతాయి, సన్నగీతల ఫాంట్ అయితే తలకట్లు తెగిపోతాయి. అక్షరాన్ని ఎప్పుడూ 100 శాతంలో, లైన్ మోడ్‌లో వేయండి. 60 శాతం బూడిదలో పెడితే అంచులు చుక్కలై చదవడానికి కళ్లు నొప్పెడతాయి. నిండు రంగులో తెల్ల అక్షరాలు తీయాలంటే కనీసం 14 పాయింట్లు, బోల్డ్. చేత్తో రాసినవి నల్ల జెల్ పెన్నుతో రాస్తే స్కాన్ బాగా వస్తుంది, పెన్సిల్ మసకగా పోతుంది.

మిగతా మూడు దారులు, క్లుప్తంగా

స్క్రీన్ ప్రింటింగ్ పోస్టర్‌కి, బ్యానర్‌కి, టీషర్టుకి. లండన్‌లో 1974లో మొదలైన సీ రెడ్ విమెన్స్ వర్క్‌షాప్ స్త్రీవాద పోస్టర్లన్నీ దీనితోనే వేసింది, వ్యక్తుల సంతకాలు లేకుండా, సమష్టిగా. ఆ సమష్టితనం ఈ పద్ధతికి సహజంగా కుదురుతుంది: ఒకరు స్క్రీన్ పట్టుకోవాలి, ఒకరు ఇంకును తోసే రబ్బరు పట్టీ, అంటే స్క్వీజీ, లాగాలి, ఒకరు తడి కాగితాలు ఆరబెట్టాలి. బట్టకి 43టి మెష్ (సెంటీమీటరుకి 43 దారాల స్క్రీన్), కాగితానికి 77టి లేదా అంతకంటే సన్నది. స్క్రీన్‌కి పూసిన ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూర్తిగా ఆరకముందే లైటు కింద పెడితే కడిగేటప్పుడు బొమ్మంతా జారిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లకు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 16 పేజీల పుస్తకానికి దీన్ని ఎంచుకుంటే సెమిస్టర్ సరిపోదు.

లైనోకి కరెంటూ మిషనూ బుకింగూ అక్కర్లేదు. దేహాన్ని గీయడానికి దాని మొరటు గీత బాగుంటుంది. అక్షరాలు తిరగేసి చెక్కాలి కాబట్టి తెలుగులో నాలుగు మాటలు దాటితే నరకం. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనక వైపే ఉండాలి.

ఫొటోకాపీకి ఉన్న బలం వేగం. నిన్న జరిగిన దానికి ఇవాళ జవాబు చెప్పాలంటే అదే. గెరిల్లా గర్ల్స్ 1985లో గొరిల్లా ముసుగులతో బయటికొచ్చినప్పుడు మ్యూజియంలలో ఆడ ఆర్టిస్టులు ఎంతమంది అనే లెక్కలను తెల్ల కాగితం మీద పెద్ద నల్ల అక్షరాలతో వేశారు. లెక్కే బొమ్మగా నిలబడే పోస్టర్‌కి రంగు అక్కర్లేదు, ఫొటోకాపీ మిషన్ చాలు.

వేశాక

రంగుకీ రంగుకీ మధ్య ఒక రాత్రి ఆగండి. తడి పొర మీద రెండో రంగు వెంటనే వేస్తే, కాగితాన్ని లాగే రోలర్ మొదటి రంగును ఎత్తుకుని ప్రతి కాగితం మీదా రెండు చారలు గీస్తుంది. ఒకే రోజు బుకింగ్ దొరికితే లేత రంగు ముందు, నలుపు చివర, కాగితం మధ్యలో రోలర్ నడిచే దారిలో నిండు రంగు లేకుండా డిజైన్ సర్దుకోండి. రోలర్ మీద చేరిన ఇంకును ప్రతి వంద కాపీలకు తడిబట్టతో తుడవాలి.

మడవడానికి ముందు కాగితం పోగు దిశ చూడండి. పోగుకి అడ్డంగా మడిస్తే 160 జీఎస్ఎం అట్ట వెన్ను దగ్గర పగులుతుంది, రంగున్నచోట ఆ పగులు తెల్లగా కనపడుతుంది. పిన్నులకు లాంగ్ ఆర్మ్ స్టేప్లర్ కావాలి, మామూలుది A5 పుస్తకం మధ్య దాకా అందదు. పిన్ను కొట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచి, ఆ తర్వాతే ముందంచు కత్తిరించండి.

ప్రదర్శనకు పెట్టేటప్పుడు ఫ్లోరసెంట్ పింక్, ఫ్లోరసెంట్ నారింజ ఎండకు త్వరగా వెలిసిపోతాయని గుర్తుంచుకోండి. కిటికీ పక్క గోడ వద్దు. చదవడానికి పెట్టిన కాపీల దగ్గర చేతులు తుడుచుకునే కాగితం ఉంచండి, నలుపు పేజీలు వేళ్లకు అంటుతాయి. దేహం, హింస ఉన్న పనిని కారిడార్‌లో వేలాడదీసే బదులు, లోపల ఏముందో గుమ్మం దగ్గర రెండు వాక్యాల్లో రాసి గదిలో పెట్టండి. చూడాలా వద్దా అన్నది వచ్చినవాళ్లు ఎంచుకుంటారు, పనిలో ఏమీ తగ్గించనక్కర్లేదు. మార్కుల కోసం ఇచ్చే ఫైలులో పరీక్ష కాపీలు, రంగుల చార్టు, కర్వ్స్‌లో సరిదిద్దక ముందు, సరిదిద్దాక ముఖాలు ఎలా పడ్డాయో చూపే కాపీలు పెట్టండి. సమ్మతి కాగితాలు మాత్రం ఆ ఫైలులో ఉండకూడదు. అసలు పేర్లు వాటిమీదే ఉంటాయి కాబట్టి అవి మీ దగ్గరే, తాళం వేసిన చోట.

బుక్ చేసుకునే ముందు ప్రింట్ గది టెక్నీషియన్‌ని అడగాల్సినవి ఇవి. ఏ రంగు డ్రమ్ములు ఇప్పుడు పనిచేస్తున్నాయి, గోడ మీద చార్టులో ఉన్నవన్నీ ఉండకపోవచ్చు. మిషన్‌కి డ్రమ్ములు ఒకటా రెండా. కాన్ఫిడెన్షియల్ సెట్టింగ్ ఎక్కడుంది. డిస్పోజల్ బాక్సు ఎవరు, ఎప్పుడు ఖాళీ చేస్తారు. మీరు ఆపరేట్ చేయొచ్చా, లేక ఫైలు ఇచ్చి వెళ్లాలా. ఫైలు ఇచ్చి వెళ్లాల్సిన చోటైతే, పేజీల్లో ఏముందో టెక్నీషియన్‌కి ముందే చెప్పి, పని పూర్తయ్యేదాకా మిషన్ పక్కన ఉండటానికి అనుమతి అడగండి. అది కుదరదంటే ముఖాలున్న పేజీలను లైనోకో గీత బొమ్మకో మార్చుకుని, మిగతావి రిసోకి ఇవ్వండి.